చేతులపై అదుపు తక్కువగా ఉన్న పిల్లలకు ఈ-రీడర్ ఎంచుకోవడం ఎలా

కాగితపు పుస్తకం చదవాలంటే చేతులు మూడు పనులు చేయాలి. పుస్తకాన్ని పట్టుకోవాలి, మూసుకుపోకుండా తెరిచి ఉంచాలి, ఒక్క కాగితాన్నే వేరు చేసి తిప్పాలి. సెరిబ్రల్ పాల్సీ వల్ల చేతులు బిగుసుకుపోయే పిల్లలకు గానీ, కండరాల క్షీణత వల్ల చెయ్యి లేపలేని పిల్లలకు గానీ వీటిలో ఏదో ఒకటి, చాలాసార్లు మూడూ, సాధ్యం కావు. సరైన స్టాండు మీద పెట్టిన ఈ-రీడర్, అంటే తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరం, ఈ మూడు పనులనూ తప్పిస్తుంది. అయితే వాటికి బదులు రెండు కొత్త పనులు అప్పగిస్తుంది: తెర మీద సరైన చోట ఒకే ఒక్కసారి తాకాలి, మిగిలిన చోట్ల అసలు తాకకూడదు. తాకడం వచ్చిన పిల్లలకు కూడా తాకకుండా ఉండడం కష్టమవుతుంది.

మా అబ్బాయికి ఏడేళ్లప్పుడు ఈ సంగతి ఆలోచించకుండానే మేము మంచి పేరున్న ఈ-రీడర్ ఒకటి కొన్నాం. వాడి అరచెయ్యి తెర మీద ఆనగానే పేజీలు వాటంతట అవే దాటిపోయేవి. మొసలి కోతిని వీపు మీద ఎక్కించుకునే లోపే కథ అయిపోయేది. వారం తిరక్కుండానే "నువ్వే తిప్పమ్మా" అని దాన్ని నా వైపు తోసేశాడు. వస్తువును ముందు ఎంచి, చేతిని తరువాత చూడడం మేము చేసిన పొరపాటు. పేజీ ఎవరో తిప్పితే వినేవాడు అవుతాడు గానీ చదివేవాడు కాడు కనుక, బిడ్డ తన పేజీని తానే తిప్పుకోవడమే ఈ కొనుగోలుకు లక్ష్యమని నేను నమ్ముతాను. ఆ లక్ష్యానికి తగిన వరుసలో కింది పనులు చేయండి.

మొదటి అడుగు: వారం రోజులు చేతిని గమనించండి

ముందుగా కూర్చునే తీరును సరిచూడండి. నడుము జారిపోతూ, పాదాలు గాలిలో వేలాడుతూ ఉంటే శరీరం నిలదొక్కుకోవడానికే బలమంతా ఖర్చవుతుంది, చేతికి మిగలదు. పాదాల కింద పీట వేసి, నడుము వెనుక మడిచిన దుప్పటి పెట్టి, మోచేతులు బల్ల మీద ఆనేలా కూర్చోబెట్టిన తరువాతే మిగతావి పరీక్షించండి. కూర్చునే తీరు మారితే నిన్న రాదనుకున్న కదలిక ఈ రోజు రావచ్చు.

తరువాత ఒక స్టీలు పళ్లెంలో పలుచగా బియ్యప్పిండి పరచి, మధ్యలో ఒక గింజ పెట్టి, దాన్ని వేలితో తాకమనండి. వేలు తీసిన తరువాత పిండిలో మిగిలిన గుర్తును చూడండి. ఒకే చుక్క పడిందా, గీతలా ఈడ్చుకుపోయిందా, పక్కన అరచెయ్యి ముద్ర కూడా పడిందా, ఒకటి అనుకుంటే మూడు చుక్కలు పడ్డాయా? పొద్దున పదిసార్లు, సాయంత్రం అలసిన వేళ పదిసార్లు ఇలా చేయించి, ప్రతిసారీ ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాయండి. పదిలో ఎనిమిదిసార్లు ఒకే చుక్క పడితే మామూలు టచ్ తెర సరిపోతుందని నేను లెక్క వేసుకుంటాను. గీతలూ అరచెయ్యి ముద్రలూ ఎక్కువగా ఉంటే తెరను కాపాడే ఏర్పాటు కావాలి. గింజ దాకా చెయ్యి వెళ్లడమే గగనమైతే తెరను వదిలేసి బయటి స్విచ్ (పరికరానికి కలిపి పెట్టే, నొక్కితే పేజీ తిరిగే విడి బటన్) గురించి ఆలోచించాలి.

స్విచ్ అంటే చేత్తోనే నొక్కాలని లేదు. తల పక్కకు వాల్చడం, మోకాలు కదిలించడం, పాదంతో నొక్కడం, మోచేతితో తోయడం వీటిలో ఏది కోరుకున్నప్పుడు వస్తుందో, కోరుకోనప్పుడు ఆగుతుందో చూడండి. నొక్కడంతో పాటు వదలడాన్నీ గమనించడం మరిచిపోకండి. బిగుతు ఎక్కువగా ఉన్న పిల్లలు నొక్కగలరు గానీ వెంటనే చెయ్యి తీయలేరు, అప్పుడు పరికరం దాన్ని "నొక్కి పట్టుకోవడం"గా తీసుకుని ఏవేవో మెనూలు తెరుస్తుంది.

ఈ నోటుపుస్తకాన్ని మీ ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రోజువారీ పనులు చేసుకోవడంలో తోడ్పడే నిపుణులకు) చూపించండి. హైదరాబాద్‌లోని బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ మానసిక వికలాంగుల సాధికారత సంస్థలోనూ, నగరంలోని అనేక పిల్లల చికిత్సా కేంద్రాల్లోనూ ఈ నిపుణులు ఉన్నారు. "ఏ ఈ-రీడర్ కొనమంటారు?" అని అడిగితే వారు తడుముకోవచ్చు. "వీడికి నమ్మకంగా వచ్చే కదలిక ఏది, దాన్ని రోజుకు ఎన్నిసార్లు చేయించవచ్చు?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకు జవాబు చాలా ముఖ్యం. ఒక కదలికను వందసార్లు చేస్తే మెడకో భుజానికో హాని కలిగే అవకాశం ఉందేమో వారే చెప్పగలరు.

కంటి పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి చూపు సమస్యలు కూడా ఉంటాయి. కళ్లు బాగానే ఉండి, చూసిన దాన్ని మెదడు గ్రహించడంలో ఇబ్బంది ఉండడం కూడా జరుగుతుంది. అప్పుడు పేజీ నిండా అక్షరాలు ఉంటే బిడ్డ తల తిప్పేసుకుంటుంది, మనం చేతిదే లోపమనుకుంటాం. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువగా ఉన్నవారి కోసం ప్రత్యేక పునరావాస విభాగం ఉంది. ఎంత పెద్ద అక్షరం, పేజీకి ఎన్ని వరుసలు, ఏ రంగు మీద ఏ రంగు అన్నది అక్కడ తేల్చుకుంటే తెర కొలత దానంతట అదే తేలుతుంది.

రెండో అడుగు: మూడు దారుల్లో మీది ఏదో తేల్చుకోండి

మొదటిది టచ్ తెర దారి. కిండిల్ పేపర్‌వైట్ వంటి వాటిలో కెపాసిటివ్ తెర ఉంటుంది. అంటే చర్మం తగిలినప్పుడు కలిగే విద్యుత్ మార్పును అది పసిగడుతుంది, మందమైన గుడ్డ తగిలితే పట్టించుకోదు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం సమస్య తీరుతుంది. మందపాటి నూలు చేతితొడుగు వేసి, చూపుడు వేలు కొన మాత్రమే బయటికి వచ్చేలా కత్తిరిస్తే, అరచెయ్యి తెర మీద ఆనినా పేజీ కదలదు. మా ఇంట్లో పాత మేజోడుతో మొదలుపెట్టాం. ఇంకా స్థిరమైన ఏర్పాటు కావాలంటే, బోర్డులు తయారుచేసే దుకాణాల్లో లేజర్‌తో అక్రిలిక్ కోసి ఇస్తారు. తెర కొలతకు 3 మిల్లీమీటర్ల మందం పలక కోయించి, పేజీ తిప్పే చోట మాత్రమే రంధ్రం పెట్టించండి. చెయ్యి పలక మీద ఆనించుకుని వేలిని రంధ్రంలోకి జార్చవచ్చు. పలుచని ప్లాస్టిక్ షీటు పనికిరాదు, దాని మీద నుంచి కూడా తెర స్పర్శను పట్టేస్తుంది. పాత సామాను కొనేవారు ఒకటి గమనించాలి. 2011లో వచ్చిన కిండిల్ టచ్ వంటి పాతవాటిలో పరారుణ కిరణాల తెర ఉంటుంది, దానికి చొక్కా చేతి అంచు తగిలినా పేజీ తిరుగుతుంది. చేతితొడుగు ఉపాయం అక్కడ పారదు.

కిండిల్‌లో తెర కుడివైపు పెద్ద భాగం తాకితే పేజీ ముందుకూ, ఎడమవైపు సన్నని అంచు తాకితే వెనక్కూ వెళ్తుంది, పైభాగం తాకితే మెనూ వస్తుంది. ఎడమ చెయ్యి మాత్రమే పనిచేసే పిల్లలకు ఇది ఇబ్బంది. కోబో అనే మరో కంపెనీ ఈ-రీడర్లలో పేజీ తిప్పే వైపును మార్చుకునే వీలుంది. కోఆర్ రీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కోబోలోనూ ఆండ్రాయిడ్‌లోనూ వేసుకుంటే, తెరలో ఏ భాగం ఏ పని చేయాలో, వరుసగా పడిన రెండు తాకుళ్ల మధ్య ఎంత వ్యవధి ఉండాలో కూడా మనమే నిర్ణయించవచ్చు.

రెండోది బటన్ల దారి. నొక్కితే "టక్" మని వేలికి తెలిసే బటన్ చాలామంది పిల్లలకు తెర కంటే నమ్మకమైనది. కిండిల్ ఒయాసిస్‌లో ఇవి ఉండేవి గానీ అమెజాన్ ఇప్పుడు దాన్ని తయారు చేయడం లేదు. కోబో లిబ్రా వరుసలోనూ, ఓనిక్స్ బూక్స్ తయారుచేసే కొన్ని మోడళ్లలోనూ ఉన్నాయి. వీటిని కొనే ముందు మరమ్మతు ఇక్కడ జరుగుతుందా, వారంటీ మన దేశంలో చెల్లుతుందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఈ బటన్లు పెద్దవారు ఒక చేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కడానికి చేసినవి. బల్ల మీద స్టాండులో పెట్టి పక్క నుంచి నొక్కితే పరికరమే వెనక్కి జరగవచ్చు. కాబట్టి చేతిలో పట్టుకుని చూసి తృప్తిపడకండి, బిడ్డ వాడే భంగిమలోనే పెట్టి నొక్కించి చూడండి.

మూడోది బయటి స్విచ్ దారి. నా అనుభవంలో ఎక్కువమంది తల్లిదండ్రులు దీన్ని చివరి ప్రయత్నంగా చూస్తారు. నిజానికి చేతిపై అదుపు బాగా తక్కువగా ఉన్న పిల్లలకు మొదటే దీనికి రావడం మంచిది. ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: కిండిల్‌లో బ్లూటూత్ ఉన్నా అది శబ్దం వినడానికి మాత్రమే, దానికి బ్లూటూత్ స్విచ్ గానీ కీబోర్డు గానీ కలవవు. అందువల్ల స్విచ్ తప్పదనుకుంటే ఆండ్రాయిడ్ మీద నడిచే పరికరం వైపు వెళ్లండి. అది బూక్స్ వంటి ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే తెర ఉన్న) పరికరం కావచ్చు, ఇంట్లో ఉన్న మామూలు ట్యాబ్ కావచ్చు.

అలా వెళ్తే చాలా చవకగా ప్రయత్నించే మార్గం ఒకటుంది. సెల్ఫీలు తీసుకోవడానికి అమ్మే చిన్న బ్లూటూత్ షటర్ బటన్ ఫోనుకు వాల్యూమ్ కీ నొక్కినట్టు సంకేతం పంపుతుంది. ఆండ్రాయిడ్‌లోని కిండిల్ యాప్‌లోనూ, గూగుల్ ప్లే బుక్స్‌లోనూ, మూన్ ప్లస్ రీడర్‌లోనూ వాల్యూమ్ కీతో పేజీ తిప్పే సౌకర్యం ఉంది, సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే చాలు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ ఈ బటన్ అడిగి, మీ ఫోనుకు కలిపి, పేజీ తిరుగుతోందో లేదో అక్కడే నిలబడి చూసి తీసుకోండి. కొన్ని బటన్లు వేరే సంకేతాలు పంపుతాయి, అవి మనకు పనికిరావు.

ఆ బటన్ చిన్నది కాబట్టి దాన్ని పెద్ద స్విచ్‌గా మార్చుకోవాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలు వరుసగా ఉన్నాయి. షటర్ లోపలి బటన్ రెండు కొసలకు తీగలు అతికించి 3.5 మిల్లీమీటర్ల మోనో సాకెట్ బయటికి తీయమని అడిగితే, పని తెలిసిన కుర్రవాడు సోల్డరింగ్‌తో చేసిపెడతాడు. ఆ సాకెట్‌కు వీడియో గేముల పెట్టెల్లో వాడే పెద్ద గుండ్రని బటన్ గానీ, వికలాంగుల కోసమే తయారయ్యే స్విచ్ గానీ తగిలించవచ్చు. ఏబుల్‌నెట్ వారి బిగ్ రెడ్ స్విచ్ వెడల్పు సుమారు 12.7 సెంటీమీటర్లు, జెల్లీ బీన్ స్విచ్ వెడల్పు సుమారు 6.4 సెంటీమీటర్లు. చెయ్యి గురి తప్పే పిల్లలకు పెద్దది, తల పక్కన అమర్చడానికి చిన్నది అనుకూలం. కిండిల్ ఇప్పటికే ఇంట్లో ఉండి దాన్ని వదులుకోలేకపోతే, తెర అంచుకు క్లిప్పులా తగిలించి రిమోట్‌తో తెరను తాకించే పేజీ టర్నర్లు దొరుకుతాయి. వాటి రిమోట్‌కు కూడా ఇదే విధంగా సాకెట్ తీయించవచ్చు.

ఐప్యాడ్ ఉన్నవారికి, బయటి స్విచ్‌తోనే పరికరాన్ని నడిపే స్విచ్ కంట్రోల్ సౌకర్యం 2013 నుంచే ఉంది. చేతులు అసలు వాడలేని పిల్లల కోసం 2024లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 18లో కంటి చూపుతో నడిపే సౌకర్యం కూడా చేర్చారు.

మూడో అడుగు: ఈ-ఇంక్ కావాలా, ట్యాబ్ కావాలా?

ఈ-ఇంక్ తెర కళ్లకు మెరుపు కొట్టదు, ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది, తేలికగా ఉంటుంది. చిన్న కిండిల్ బరువు 158 గ్రాములు, పదో తరం ఐప్యాడ్ బరువు 477 గ్రాములు. ఒళ్లో పెట్టుకుని చదివే బిడ్డకు ఈ తేడా పెద్దదే. అయితే ఈ-ఇంక్‌లో పేజీ మారడానికి ఒక చిన్న ఆలస్యం ఉంటుంది. మనకు అది లెక్కలోది కాదు. నొక్కిన ఫలితం వెంటనే కనిపించకపోతే మళ్లీ నొక్కే పిల్లలకు రెండు పేజీలు దాటిపోతాయి. పైగా పేజీ మారేటప్పుడు తెర ఒక్కసారి నల్లగా మెరిసి, చిన్న కదలికకే ఉలిక్కిపడే పిల్లల చెయ్యి మళ్లీ బిగుసుకుపోతుంది. కిండిల్ సెట్టింగుల్లో పేజీ రిఫ్రెష్‌ను ఆపివేస్తే ఈ మెరుపు బాగా తగ్గుతుంది. మూర్ఛలు వచ్చే పిల్లల విషయంలో ఏ తెర అయినా కొనే ముందు న్యూరాలజిస్టును అడగండి.

బొమ్మల పుస్తకాలు చదివే వయసులో నలుపు-తెలుపు చిన్న తెర వెలవెలబోతుంది కనుక, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు నేనైతే ట్యాబ్‌నే ఎంచుకుంటాను. పేరాలు పేరాలుగా చదవడం మొదలైన తరువాత ఈ-ఇంక్‌కు మారవచ్చు.

నాలుగో అడుగు: తెలుగు ఎలా కనిపిస్తుందో చూడండి

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గానీ తెలుగు లేదు. అందువల్ల తెలుగు పుస్తకాల కోసం కొనేవారు దుకాణం మాటను నమ్మకుండా తామే పరీక్షించాలి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. అందులోంచి ఒక కథను దించుకుని మీరు కొనబోయే పరికరంలో తెరిచి చూడండి. "కృష్ణుడు", "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటల్లో ఒత్తులు విడిపోకుండా, గుణింతాలు పక్కకు జారకుండా వస్తున్నాయా? అక్షరం పెద్దది చేస్తే వరుస మారి సర్దుకుంటోందా? పీడీఎఫ్ పుస్తకమైతే అక్షరం పెరిగినకొద్దీ పేజీ తెర దాటిపోతుంది. అప్పుడు దాన్ని వేలితో అటూ ఇటూ జరపాల్సి వస్తుంది, మన పిల్లలకు చేతకానిది సరిగ్గా ఆ జరపడమే. కాబట్టి అక్షరం పెంచితే వరుసలు సర్దుకునే ఈపబ్ రూపంలో ఉన్న పుస్తకాలకే ప్రాధాన్యం ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ గొంతు తెలుగును చదివి వినిపిస్తుంది, కళ్లు అలసిన పూట అది ఆదుకుంటుంది.

ఐదో అడుగు: నిలబెట్టే చోటు, తాళం వేసే సెట్టింగులు

పరికరం కంటికి ఎదురుగా ఉండాలి, మెడ వంగకూడదు, స్విచ్ మాత్రం చెయ్యి సహజంగా వాలే చోట ఉండాలి. పరికరమూ స్విచ్చూ ఒకే చోట ఉండనక్కర్లేకపోవడమే మూడో దారిలోని పెద్ద లాభం. ఒళ్లో పెట్టుకుని చదివే పిల్లలకు పసివాళ్ల తల కింద పెట్టే ఆవాల దిండు లాంటిదే కాస్త పెద్దగా కుట్టి, దాని మీద పరికరాన్ని ఆనిస్తే కోరిన వాలులో కుదురుకుంటుంది. బల్ల మీద జారకుండా యోగా చాప ముక్క చాలు. చక్రాల కుర్చీకి బిగించాలంటే వంగే మెడ ఉన్న మొబైల్ స్టాండ్లు ఊగుతాయి, గట్టి ఇనుప క్లాంపు ఉన్నవే తీసుకోండి.

ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసి, అరచెయ్యి ఆనే భాగం చుట్టూ వేలితో గీస్తే ఆ భాగం స్పర్శను పట్టించుకోదు. టచ్ అకామడేషన్స్‌లో ఎంతసేపు తాకితే లెక్కలోకి రావాలో, వెంటవెంటనే పడే తాకుళ్లను ఎంతసేపు వదిలేయాలో పెట్టవచ్చు. శాంసంగ్ ట్యాబుల్లోనూ మళ్లీ మళ్లీ పడే తాకుళ్లను వదిలేసే ఏర్పాటు ఉంది. మిగతా ఆండ్రాయిడ్ వాటిలో కనీసం యాప్‌ను తెరకు పిన్ చేయండి (అంటే తెర ఆ ఒక్క యాప్ మీదే ఉండిపోయేలా పెట్టండి), లేకపోతే పొరపాటున తగిలిన ప్రతిసారీ పుస్తకం మూసుకుపోయి మిమ్మల్ని పిలవాల్సి వస్తుంది.

ఆరో అడుగు: కొనే ముందు అరువు, కొన్న తరువాత ఓపిక

బంధువులో స్నేహితులో వాడుతున్న పరికరాన్ని నాలుగు రోజులు అడిగి తెచ్చుకోండి. వీలుకాకపోతే తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోటే కొని, ఆ గడువులోపు పైన చెప్పినవన్నీ పరీక్షించండి. మొదటి పుస్తకం బిడ్డకు కంఠతా వచ్చిన కథే అయి ఉండాలి. కథ తెలిస్తే తరువాతి పేజీలో ఏం రావాలో తెలుస్తుంది, శ్రద్ధంతా స్విచ్ మీద పెట్టవచ్చు. రోజుకు పది నిమిషాలు మించవద్దు. చేయి అందించి మీరు నొక్కించకండి. నిమిషం పట్టినా కళ్లు తెర మీదే ఉన్నంతవరకు మౌనంగా ఎదురుచూడండి. నాకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

బడికి తీసుకెళ్లే విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. మా అబ్బాయి చదివిన ఒక పాఠశాలలో "ఎలక్ట్రానిక్ వస్తువులు తేకూడదు" అని మొదట తిప్పి పంపారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధ్రువీకరించబడిన విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలూ తగిన సహాయక పరికరాలూ ఉచితంగా సమకూర్చే చర్యలు ప్రభుత్వం తీసుకోవాలి. ఆ సెక్షన్ ప్రతిని, సదరం ధ్రువపత్రాన్ని, థెరపిస్టు రాసిన ఒక పేజీ లేఖను జతచేసి ప్రధానోపాధ్యాయురాలికి ఇచ్చిన తరువాత అనుమతి వచ్చింది. మామూలు పుస్తకం చదవలేనివారికి అనువైన రూపంలో పుస్తకాలు అందించడానికి 2013లో దేశాల మధ్య కుదిరిన మర్రకేష్ ఒప్పందం కూడా చూపు లేనివారితో పాటు శారీరక వైకల్యం వల్ల పుస్తకాన్ని పట్టుకోలేని, పేజీ తిప్పలేని వారిని లబ్ధిదారులుగా గుర్తించింది. దాన్ని ముందుగా ఆమోదించిన దేశం మనదే, 2014లో. అలాంటి వారి కోసం డైజీ ఫోరమ్ ఆఫ్ ఇండియా నడిపే ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయంలో పేరు నమోదు చేసుకునేటప్పుడు "మా బిడ్డకు చూపు ఉంది కదా" అని వెనుకాడకండి.

చివరిగా రెండు జాగ్రత్తలు. షటర్ బటన్లలో నాణెం లాంటి చిన్న సెల్ ఉంటుంది. దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది కాబట్టి, మూతను స్క్రూతో గానీ గట్టి టేపుతో గానీ మూసేయించండి, అదనపు సెల్ పిల్లలకు అందని చోట పెట్టండి. ఇక ఏ సెట్టింగు ఎక్కడ పెట్టారో, స్విచ్ ఏ వైపు ఎంత దూరంలో ఉండాలో, యాప్ ఎలా తెరవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి పరికరం వెనుక అతికించండి. ఆరు నెలలకొకసారి బియ్యప్పిండి పళ్లెం మళ్లీ పెట్టి, చెయ్యి మారిన మేరకు ఆ కాగితాన్నీ మార్చి రాయండి. మీరు ఇంట్లో లేని పూట అమ్మమ్మో తాతయ్యో దాన్ని చూసి సర్దిపెట్టాలి.